బొబ్బిలి యుద్ధాన్ని కొత్తవారికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ప్రశ్న:
మా ఊరి గ్రంథాలయంలో ఉన్నత పాఠశాల పిల్లలకు బొబ్బిలి యుద్ధం గురించి చెప్పవలసి ఉంది. బుర్రకథ వల్ల బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పేరు వారికి తెలుసు గాని, బుస్సీ అనే ఫ్రెంచి సేనాని ఆ కోట ముందు ఫిరంగులు ఎందుకు నిలిపాడో తెలియదు. దీనిని విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్య పగగా చెబితే సరిపోతుందా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం:
పగ ఉన్న మాట నిజమే. కాని సరిహద్దు తగాదాలు, నీటి తగాదాలు ఆనాడు ఏ ఇద్దరు జమీందారుల మధ్యనైనా ఉండేవే కనుక, అది ఒక్కటే చెబితే పిల్లలకు అసలు కారణం అందదండి. 1753లో నిజాం సలాబత్ జంగ్, తన కొలువులో ఉన్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను, అంటే ఇక్కడి తీర జిల్లాలను, వారికి అప్పగించాడు. శిస్తు రాబట్టడానికి బుస్సీకి స్థానికంగా ఒక బలమైన చేయి కావలసి వచ్చింది. ఆ చేయి విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు. బొబ్బిలి ప్రభువు రంగారావును కోట విడిచిపెట్టి వేరేచోట భూములు తీసుకొమ్మన్న ప్రతిపాదన ఈ నేపథ్యంలోనే వచ్చింది, ఆయన ఒప్పుకోలేదు. మీరు 1753 నుంచే మొదలుపెట్టండి.

రెండవ సమాధానం:
పై మాటతో నేను ఏకీభవిస్తున్నాను. యుద్ధం జరిగిన రోజు, అంటే 1757 జనవరి 24 గురించి చెప్పేటప్పుడు మాత్రం తొందరపడవద్దని నా మనవి. ఫిరంగుల దెబ్బకు గోడలు బీటలు వారినా లోపలివారు లొంగలేదు. ఓటమి తప్పదని తేలాక, శత్రువు చేతికి చిక్కకూడదని తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకున్నారు. దీనిని వీరగాథగా మాత్రమే చెప్పడం నాకు సమ్మతం కాదు. చనిపోయిన పసివారు తమ మరణాన్ని తాము ఎంచుకోలేదన్న సంగతి వినే పిల్లలకు తెలియాలి. ఒక ముసలివాడు రంగారావు కొడుకును ప్రాణాలతో కాపాడి ఫ్రెంచివారి శిబిరానికి తెచ్చి అప్పగించాడని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. ఆ వంశం నిలిచింది ఆ బాలుడి వల్లనే. కొద్ది రోజులకే విజయరామరాజును గుడారంలో పొడిచి చంపారు. ఆ పని చేసినవాడిగానే పాపారాయుడి పేరు జనం నోట నిలిచింది.

మూడవ సమాధానం:
చాలామంది కథను ఆ గుడారం దగ్గరే ఆపేస్తారు. అది పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం. విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారితో పొసగక, 1758లో ఆంగ్లేయులను పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల మీద విశాఖపట్నం వచ్చి, అదే ఏడాది డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట అతని వశమైంది. బొబ్బిలి కోట కూలిన రెండేళ్లకు కాస్త పైగా గడిచేసరికి, దానిని కూల్చిన ఫ్రెంచివారికే ఈ తీరంలో పట్టు పోయింది. పటం మీద బొబ్బిలి, విజయనగరం, విశాఖపట్నం, చందుర్తి, మచిలీపట్నం వరుసగా గుర్తుపెట్టించి, ఒక్కొక్క ఊరి పక్కన ఆ సంవత్సరం రాయించండి.