గర్విష్ఠికి తప్పు కనబడదా? కనబడినా ఒప్పుకోడా?

తోటపాలెం వాసి (విజయనగరం):
మా ఇంట్లో బాత్రూమ్ టైల్స్ వేయించాం. మేస్త్రీకి ముప్పై ఏళ్ల అనుభవం. ఆ మాట ఆయనే రోజుకు నాలుగుసార్లు చెబుతాడు. తీరా వాటం తేడా వచ్చింది. మగ్గుతో పోసిన నీళ్లు జాలీ వైపు పోకుండా గోడ మూలకు చేరి అక్కడే నిలబడ్డాయి. పిలిచి చూపించాను. "టైలు వంకర బాబూ" అన్నాడు. ఇంకో మగ్గు పోశాను. "కుర్రాడు మాలు పలచగా కలిపేశాడు" అని హెల్పర్ మీదికి తోసేశాడు. ఆ కుర్రాడు తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మర్నాడు మేం లేచేసరికి మేస్త్రీ వచ్చేసి ఉన్నాడు. మూలన నాలుగు టైల్స్ పీకి, కింద మాలు పెంచి, మళ్లీ వేసేశాడు. నోట ఒక్క మాట లేదు. ఇప్పుడు చెప్పండి, ఈయనకు తన తప్పు తెలిసినట్టా, తెలియనట్టా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
తెలియకపోతే తెల్లారకుండా ఎందుకు వస్తాడు? 'వాటం తప్పింది' అంటే మీకు పోయేవి నాలుగు టైల్స్. ఆయనకు పోయేది ముప్పై ఏళ్లు. పని బాగుంటేనే తాను మనిషినని నమ్మేవాడికి తప్పు ఒప్పుకోవడమంటే చొక్కా విప్పి వీధిలో నిలబడటమే. నమ్మేది ఒకటి, కనబడేది ఇంకొకటి అయితే మనసు ఇబ్బంది పడుతుందని, ఆ ఇబ్బంది తగ్గించుకునే దారులు వెతుక్కుంటుందని 1957లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త రాశాడు. 'టైలు వంకర' అలాంటి దారే.

రాజాం రోడ్డు:
మాస్టారూ, అందరికీ తెలుస్తుందంటే నేను ఒప్పుకోను. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతోనే పురుళ్లు పోస్తున్నారని గమనించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా బాలింతలు చనిపోయిన వార్డులో జూన్ నాటికి ఇద్దరికి తగ్గింది. అయినా పెద్ద పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. నాటకమాడలేదు సార్, నిజంగానే నమ్మలేదు. గర్వం కళ్లే మూసేస్తుంది.

నాగావళి గట్టు:
నమ్మితే ఏం ఒప్పుకోవాలో కూడా చూడు నాయనా. ఇన్నాళ్లూ తమ చేతులే ప్రాణాలు తీశాయని ఒప్పుకోవాలి. అంత బరువు ఎత్తుకోలేక కళ్లు మూసుకున్నారు. మూసుకోవడం వేరు, మూసుకుపోవడం వేరు.

పలాస జీడిపప్పు:
ఆ సెమ్మెల్‌వైస్ తక్కువవాడా? తర్వాత తన మాట వినని డాక్టర్లను హంతకులని బహిరంగ లేఖల్లో తిట్టాడు. అలా తిడితే ఎవరు దిగొస్తారు? ఎత్తిచూపేవాళ్ల నోరు కూడా లెక్కలోకి రావాలి. పైగా మన వైపు ఒక జబ్బుంది. పదిమందిలో 'నాదే తప్పు' అన్నవాణ్ణి మెచ్చుకోం, 'మాట మీద నిలబడ్డాడ్రా' అని మొండివాణ్ణి మెచ్చుకుంటాం. దానికి పౌరుషం అని పేరు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో తప్పెవరిదని మా టీ కొట్టులో ఇప్పటికీ గొంతులు లేస్తాయి.

రాజాం రోడ్డు:
బాత్రూమ్ వాటం నుంచి బొబ్బిలి కోటకు వచ్చేశారా! ఇంకాసేపుంటే తాండ్ర పాపారాయుణ్ణి కూడా దింపేస్తారు.

తోటపాలెం వాసి:
నవ్వాపుకోలేకపోయాను. జీడిపప్పు గారి మాట మాత్రం తగిలింది. నేను రెండో మగ్గు పోసింది మా బావమరిది, పక్కింటాయన చూస్తుండగా. ఒక్కడినే పక్కకు పిలిచి చెప్పి ఉంటే? ఏమో. అయినా ఆయన మీద నాకు కోపం లేదిప్పుడు. నోటితో కాకపోయినా చేత్తో ఒప్పుకున్నాడు. నిన్న లెక్క చూసుకునేటప్పుడు చిట్టాలో నాలుగు టైల్స్, అర బస్తా సిమెంటు తన ఖాతాలోనే రాసుకున్నాడు. నేను అడగనే లేదు.

వంశధార పిల్ల:
అన్నయ్యా, మీకు చేత్తో ఒప్పుకున్నాడు, సరే. మరి తట్ట పట్టుకుని నిలబడిపోయిన ఆ కుర్రాడికో? తప్పు దిద్దేస్తే ఇంటివాళ్లకు సరిపోతుంది. నింద పడ్డవాడికి మాట కావాలి కదా. తర్వాత వాడితో ఏమైనా అన్నాడా?

తోటపాలెం వాసి:
అనలేదమ్మా. మీరడిగాక చిట్టా ఫోటో మళ్లీ తీసి చూశాను. టైల్స్ లెక్కకు కింది గీతలోనే ఉంది. ఆ రోజుకు కుర్రాడికి సగం కూలే రాశాడు.