1.68 లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత టర్బో డీజిల్ కారు: ఇంజిన్ విప్పించాలా, అమ్మేయాలా?

కొరిటెపాడు నివాసి (గుంటూరు):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2011లో కొన్న కారు ఈ ఏడాది నా చేతికి వచ్చింది. అందులో ఉన్నది 1.3 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్. ఇప్పటికి 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. వారంలో ఐదు రోజులు గుంటూరు నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఆఫీసుకు ఈ కారులోనే వెళ్లి వస్తున్నాను. రానుపోను సుమారు 70 కిలోమీటర్లు అవుతుంది.

ఆరు నెలలుగా కొన్ని మార్పులు కనిపిస్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగినప్పుడు స్టీరింగ్, గేర్ రాడ్ వణుకుతున్నాయి. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చే టకటక శబ్దం మునుపటికంటే గట్టిగా ఉంటోంది, బండి వేడెక్కాక కూడా పూర్తిగా పోవడం లేదు. మంగళగిరి దాటాక లారీని ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనుక అద్దంలో నల్లపొగ కనిపిస్తోంది. మైలేజీ కూడా లీటరుకు 19 నుంచి 16కు పడిపోయింది. ఇంజిన్ ఆయిల్ మాత్రం తగ్గడం లేదు, స్టార్టింగ్ సమస్య లేదు.

ఒక మెకానిక్ చూసి, హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాలని, అవసరమైతే బోరు చేయించాలని (పిస్టన్లు కదిలే సిలిండర్ల లోపలి గోడలను మళ్లీ చెక్కించాలని), మొత్తం 70 వేల రూపాయల దాకా అవుతుందని చెప్పారు. మా ఆఫీసులో అందరివీ పెట్రోల్ కార్లు కావడంతో, "డీజిల్ అంటే ఇంతే, వయసు మీద పడింది, వదిలించుకో" అంటున్నారు. ఈ శబ్దం వయసుతో వచ్చేదేనా, లేక ఏదైనా లోపానికి లక్షణమా అన్నది తెలిసినవారు వివరించగలరు.

పటమట పాతకాపు (విజయవాడ):

కొరిటెపాడు గారూ, ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, నాజిళ్ల (ఇంజిన్ లోపలికి డీజిల్ చిమ్మే మొనల) పని ఇరవై రెండేళ్లు చేసినవాడిగా ముందు ఒక మాట చెబుతాను. ఆయిల్ తాగని, స్టార్టింగ్‌లో మొరాయించని ఇంజిన్‌కు బోరు మాట ఎత్తడమే తొందరపాటు. బోరు అరిగితే ఆయిల్ మట్టం తగ్గుతుంది, నీలిపొగ వస్తుంది, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని పైకి తన్నుతుంది. ఈ మూత పరీక్షకు మెకానిక్ కూడా అక్కర్లేదు, రేపు పొద్దున మీరే చేసి చూడండి. ఆయిల్ నల్లగా ఉందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది వందల కిలోమీటర్లకే మసితో నల్లబడుతుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇంజిన్ ఫియట్ వారి 1248 సీసీ మల్టీజెట్ అయి ఉండాలి. 2003లో ఐరోపాలో వచ్చిన ఈ ఇంజిన్ మన దేశంలో 2007లో డీజిల్ స్విఫ్ట్‌తో ఇంటింటికీ తెలిసింది. టాటా, ఫియట్ కార్లలోనూ ఇదే ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు రావడంతో మారుతి డీజిల్ కార్లను ఆపేసేదాకా లక్షల బండ్లలో తిరిగింది కాబట్టి దీని రోగాలన్నీ ఆటోనగర్‌లో నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రవాడికి కూడా కంఠస్థమే.

ఇక శబ్దం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. లోపలికి పీల్చిన గాలిని దాదాపు పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అయితే చిమ్మిన డీజిల్ ఆ క్షణంలోనే అంటుకోదు. కనురెప్పపాటులో ఎన్నోవంతో ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో మరికొంత డీజిల్ వచ్చి చేరుతుంది, చేరినదంతా ఒక్కసారిగా భగ్గుమంటే మనకు వినిపించేదే ఆ టకటక. మెకానికల్ పంపుల కాలంలో డీజిల్ ఒకే దఫాలో పడేది కాబట్టి ఆ మోతను భరించడమే తప్ప పెద్దగా చేయగలిగిందేమీ ఉండేది కాదు. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చాక కథ మారింది. పంపు పని ఒక గొట్టంలో ఒత్తిడిని నిలవ ఉంచడం వరకే. ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఇంజెక్టర్‌కు (కొనలో నాజిల్ ఉండే, డీజిల్ చిమ్మే భాగానికి) కంప్యూటర్ చెబుతుంది. అసలు మోతాదుకు ముందు ఒకటి రెండు ఘన మిల్లీమీటర్ల డీజిల్‌ను చిన్న చుక్కగా చిమ్మి లోపల వేడి పెంచుతుంది, ఆ తర్వాత పడే అసలు మోతాదు ఆలస్యం లేకుండా మెత్తగా మండుతుంది. మీ ఇంజిన్‌లో ఒత్తిడి వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైగా వెళ్తుంది, ఒక్క దఫాను ఐదు చిమ్ములుగా కూడా విడగొట్టగలదు.

కాబట్టి ఈ తరం ఇంజిన్ ఎంత మెత్తగా నడుస్తుందన్నది ఇంజెక్టర్ కొలత ఎంత కచ్చితంగా ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నాజిల్ అరిగినప్పుడు ముందుగా లెక్క తప్పేది ఆ చిన్న చుక్కే. అది తప్పగానే పాతకాలం టకటక మళ్లీ మొదలవుతుంది. మీ బండి వేడెక్కాక కూడా శబ్దం పోవడం లేదన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఒకటో రెండో ఇంజెక్టర్ల మీదే. రిటర్న్ టెస్ట్ చేయించండి: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేవాటిని) నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి ఇంజిన్‌ను కాసేపు నడుపుతారు, ఏ సీసాలో డీజిల్ మిగతావాటికంటే బాగా ఎక్కువ చేరిందో ఆ ఇంజెక్టర్ లోపల కారుతున్నట్టు. దానితోపాటు స్కానర్‌లో ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ ఎంత సవరణ ఇస్తోందో కూడా చూడమనండి. హెడ్ దించడానికి ముందు చేయవలసిన పనులివి.

వణుకు దాదాపుగా మౌంటింగులదే, అంటే ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలదే. పద్నాలుగేళ్లు విజయవాడ, గుంటూరు ఎండల్లో ఇంజిన్ వేడి పక్కనే ఉన్న రబ్బరు గట్టిపడి బీటలు వారకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఏసీ కంప్రెసర్ బరువు పడినప్పుడు అది బయటపడుతుంది.

నల్లపొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందలేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేదానికి) వెళ్లే గొట్టాలు, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) అనే వరుసలో చూపించండి. గొట్టం చిట్లితే తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం వస్తుంది. గొట్టం లోపల కొద్దిగా ఆయిల్ తడి కనిపించడం మామూలే, దాన్ని చూపించి టర్బో పోయిందని ఎవరైనా అంటే దాని షాఫ్ట్‌ను (ఇరుసును) వేలితో కదిపి చూపించమని అడగండి.

మన ఊళ్లకే వర్తించే మాట ఇంకొకటి ఉంది. ఇక్కడ చలికాలంలో కూడా పెద్దగా చలి ఉండదు కాబట్టి హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి పుట్టించేవి) పాడైనా బండి స్టార్ట్ అవుతూనే ఉంటుంది, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున మొదటి నిమిషం శబ్దానికి అవి కూడా కొంత కారణం కావచ్చు.

కానూరు కామన్‌రైల్:

పాతకాపు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చాలి. ఇదే ఇంజిన్ ఉన్న కారు నా దగ్గర ఉండేది. వాల్వులు పిస్టన్ల కదలికకు తగ్గట్టు తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు దీనికి ఉండదు, దాని బదులు చెయిన్ ఉంటుంది. "చెయిన్ కదా, జీవితకాలం ఉంటుంది" అన్న ధీమాతో ఆయిల్‌ను పది వేల కిలోమీటర్లకు మార్చవలసింది పదిహేను, పద్దెనిమిది వేల దాకా లాగేవాణ్ని. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ దాదాపు మూడు లీటర్లే. నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగల టర్బో షాఫ్ట్ ఆ ఆయిల్ పొర మీదే తేలాలి, చెయిన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ కూడా ఆ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేయాలి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్ల పాటు గొలుసు డబ్బాలో ఊపినట్టు గలగల వినిపించేది. డీజిల్ బండి కదా అని ఊరుకున్నాను. ఒకరోజు చిలకలూరిపేట దగ్గర చెయిన్ పళ్లు జారి వాల్వులు పిస్టన్లకు తగిలాయి, బాగుచేయడానికి అడిగిన మొత్తం ఆ కారు ధరను దాటిపోయింది. తప్పు పూర్తిగా నాదే.

అందుకని కొరిటెపాడు గారూ, మీకు వినిపించేది టకటకా, గలగలా అన్నది సరిగ్గా గమనించండి. ఇంజెక్టర్ శబ్దం సుత్తితో కొట్టినట్టు ఒక లయలో వస్తుంది, తొక్కుడును బట్టి మారుతుంది. చెయిన్ శబ్దం చల్లటి ఇంజిన్‌లో, టైమింగ్ కవర్ ఉన్న పక్క నుంచి వస్తుంది. రెండోది వినిపిస్తే రోజూ 70 కిలోమీటర్లు తిప్పకుండా ముందు చెయిన్ కిట్ మార్పించండి. బెల్టు ఉన్న రెనో 1.5 లీటర్ల డీజిల్ లాంటివి వాడేవారికైతే మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు గానీ ఏళ్లు గానీ, ఏది ముందైతే అప్పుడు బెల్టు మార్చడం తప్పనిసరి.

నల్లపాడు రోడ్డు (గుంటూరు):

మీరిద్దరూ ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు, నేను లెక్క గురించి చెబుతాను. కారు 2011ది కాబట్టి 2026లో పదిహేనేళ్లు నిండుతాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఉన్న ఆంక్షలు మనకు వర్తించవు. ఇక్కడ ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరిస్తారు. అయితే 2022 ఏప్రిల్ నుంచి కారు పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలైంది, హరిత పన్ను దానికి అదనం. నల్లపొగతో వెళ్తే ఆ పరీక్షలో నెగ్గరు కాబట్టి పొగ సంగతి ఎటూ తేల్చుకోక తప్పదు.

రోజూ జాతీయ రహదారి మీద 70 కిలోమీటర్లు తిప్పే మీకు డీజిల్ కారు ఉంచుకోవడంలో అర్థముంది. బ్రాడీపేటలో కూరగాయలకు, పిల్లల బడికి మాత్రమే వాడేవారికి నేనైతే వద్దనే చెబుతాను. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోతుంటే ఈజీఆర్‌లో, ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి వెళ్లే దారిలో) మసి పేరుకుంటుంది, అలా వాడితే ఎంత మంచి డీజిల్ ఇంజిన్ అయినా పాడవుతుంది.

ఒకవేళ దీన్ని అమ్మి మరో పాత డీజిల్ కొనాలనుకుంటే మాత్రం, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్, పాయకాపురం వైపు మునిగిన కార్లు ఎన్నో ఉన్నాయన్నది మరవకండి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో, సీట్ల కింద వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో చూడాలి. నీరు లోపలికి పీల్చి కనెక్టింగ్ రాడ్ వంగిన డీజిల్ ఇంజిన్ కొంతకాలం బాగానే నడిచి మోసం చేస్తుంది.

కొరిటెపాడు నివాసి (గుంటూరు):

ముగ్గురికీ ధన్యవాదాలు. మూత తీసి చూశాను, పొగ తన్నడం లేదు. శనివారం ఆటోనగర్‌లో ఒక నాజిల్ షాపులో రిటర్న్ టెస్ట్ చేయించాను. మిగతా మూడు సీసాలు దాదాపు సమానంగా ఉన్నాయి, మూడో సిలిండర్ సీసాలో మాత్రం రెట్టింపుకు పైగా చేరింది. ఆ ఒక్క ఇంజెక్టర్‌ను రీకండిషన్ చేసి, దాని కొలతలు తెలిపే కొత్త కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించారు. కుడివైపు మౌంటింగ్ రబ్బరు రెండుగా చీలిపోయి ఉంది, అది కొత్తది వేశారు. రెండింటికీ కలిపి, మజూరీతో సహా 14,500 రూపాయలు అయింది.

స్టీరింగ్ వణుకు పోయింది. టకటక పూర్తిగా పోలేదు గానీ, వేడెక్కాక అద్దాలు ఎక్కించుకుంటే లోపలికి వినిపించడం లేదు. కానూరు గారు చెప్పిన గలగల కోసం వరుసగా మూడు రోజులు బానెట్ తెరిచి, మా ఆవిడ చేత స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాను, అలాంటిదేమీ లేదు. నల్లపొగ తగ్గింది, పోలేదు. ఈజీఆర్ విప్పి శుభ్రం చేయడానికి వచ్చే ఆదివారం రమ్మన్నారు. దానికి గ్యాస్కెట్ (అతుకు దగ్గర సందు లేకుండా వేసే పలక) కొత్తది వేయాలా, పాతదే సరిపోతుందా అన్నది పాతకాపు గారు చెబితే ముందే కొనిపెట్టుకుంటాను.

పటమట పాతకాపు (విజయవాడ):

కొత్తదే వేయండి. పాతది ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు, సందులోంచి మసి కక్కుతుంది. వాల్వ్ విప్పినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల కూడా టార్చి వేసి చూడమనండి.