‘గ్రాహకం’ పక్కన ఏ క్రియ వాడాలి?

‘రిసెప్టర్’కి (కణం మీద ఉండి రసాయన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కి) తెలుగు మాట అడిగిన మిత్రులకు: పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘గ్రాహకం’ చాలా మంచి మాట, దాన్ని మార్చొద్దు. మార్చాల్సింది దాని పక్కన మనం రాసే వాక్యం. “తాళంలో తాళంచెవి సరిపోయినట్టు గ్లూటమేట్ (మెదడులో సంకేతాలు మోసే ఒక రసాయనం) గ్రాహకానికి అతుక్కుంటుంది” అని రాస్తున్నాం కదా, అసలు జరిగేది అది కాదు.

మెదడులో ఒక నాడీకణం ఇంకో కణాన్ని ఉత్తేజపరచడానికి ఎక్కువగా వాడేది గ్లూటమేట్‌నే. దాన్ని అందుకునే గ్రాహకాల్లో ఒక రకమైన ‘ఆంపా’ గ్రాహకం దాదాపు పూర్తి ఆకారాన్ని 2009లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఎరిక్ గువో బృందం ఎక్స్‌రే పద్ధతిలో బయటపెట్టింది. నాలుగు ప్రోటీన్లు కలిస్తే ఒక గ్రాహకం. ఒక్కోదానికి కణం బయటివైపు ఆల్చిప్పలా రెండు రెక్కలుంటాయి. గ్లూటమేట్ మధ్యకు రాగానే అవి 20 డిగ్రీల దాకా మూసుకుంటాయి. ఆ కదలికే కింద కణపొరలో ఉన్న దారిని లాగి తెరుస్తుంది, సోడియం లోపలికి వస్తుంది. గ్లూటమేట్ బదులు కైనేట్ అనే ఇంకో రసాయనం వస్తే రెక్కలు 12 డిగ్రీలే మూసుకుంటాయి, స్పందన కూడా బలహీనంగానే ఉంటుంది.

తాళంలో తిరిగేది చెవి. ఇక్కడ కదిలేది గ్రాహకమే! గ్లూటమేట్‌ని అందుకునే మరో రకం, ఎన్ఎండీఏ గ్రాహకానికైతే గ్లూటమేట్ ఒక్కటే చాలదు, గ్లైసిన్ లాంటి రెండో రసాయనం కూడా కావాలి. పైగా కణం అప్పటికే కొంత ఉత్తేజపడి ఉంటేనే దారికి అడ్డుగా ఉన్న మెగ్నీషియం తొలగుతుంది. ఒక్క తాళంచెవితో ఇదంతా ఎలా చెబుతాం?

సంస్కృతంలో ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం. ‘గ్రాహకం’ అంటే పట్టుకునేది. (నేర్చుకోవడంలో ఎన్ఎండీఏ గ్రాహకాలకి పెద్ద పాత్ర ఉంది కాబట్టి ‘గ్రహణశక్తి’ కూడా గుర్తొచ్చి నాకు భలే సంతోషం వేస్తుంది.) అందుకే “గ్రాహకం గ్లూటమేట్‌ని పట్టుకుంటుంది” అని రాద్దాం, కర్త గ్రాహకమే కావాలి. ‘అతుక్కోవడం’ని పూర్తిగా వదిలేయమనను. గ్లూటమేట్ చోటులో దూరి రెక్కల్ని సరిగా మూసుకోనివ్వని నిరోధకాలున్నాయి, వాటికి ఆ మాట చక్కగా సరిపోతుంది.

ఇక నాకు తేలనిది ‘డీసెన్సిటైజేషన్’. గ్లూటమేట్ ఇంకా పట్టులోనే ఉంటుంది, అయినా కొన్ని మిల్లీసెకన్లలో దారి మూసుకుపోతుంది. ‘మొద్దుబారడం’ అనొచ్చా? ఆ మాటలో ఏదో నెమ్మది ఉంది, ఇదేమో క్షణంలో అయిపోతుంది. ఇంకా మంచి మాట తోస్తే చెప్పండి.