1865లో పెళ్లయిన ఇంగ్లీషు స్త్రీ ఆస్తి ఎవరిది? "స్త్రీధనం" అని అనువదించవచ్చా?

నీలిసిరా:
విక్టోరియా కాలపు ఇంగ్లాండులో జరిగే నవలను తెనిగిస్తున్నాను. నాయికకు తండ్రి నుంచి కొంత నగదు, తన పేర వెయ్యి పౌండ్ల ప్రభుత్వ బాండ్లు, కొద్దిపాటి సొంత భూమి, తల్లి నగలు వచ్చాయి. 1865లో పెళ్లి. ఆ తర్వాత ఆమె చేతిలో చిల్లిగవ్వ ఉండదు. భర్త అన్నీ ఖర్చు చేస్తాడు కానీ భూమిని మాత్రం అమ్మలేకపోతాడు. ఇది రచయిత పొరపాటా? ఈ ఆస్తిని స్త్రీధనం అనవచ్చా?

పాతదస్తావేజు:
పొరపాటు లేదండీ, రచయితకు చట్టం బాగా తెలుసు. అప్పటి కామన్ లా (కోర్టు తీర్పులతో, ఆచారంతో ఏర్పడ్డ ఇంగ్లీషు న్యాయం) ప్రకారం ఏ రకం ఆస్తి అన్నదాన్ని బట్టి భర్త హక్కు మారుతుంది.

నగదు, సామాను, పశువులు పెళ్లయిన క్షణమే భర్త సొంతం. అమ్ముకోవచ్చు, వీలునామాలో ఎవరికైనా రాయవచ్చు. బాండ్లు అలా కాదు, వాటిని ఆయన తన పేరుకు బదిలీ చేయించుకోవాలి. చేయించుకోకుండా చనిపోతే మళ్లీ ఆమెవే. నగలను బతికున్నంతకాలం ఆయన అమ్మవచ్చు కానీ, ఆమె ఉండగా వీలునామాలో ఇంకొకరికి రాయలేడు. భూమి మీద వచ్చే కౌలు, రాబడి అంతా ఆయనదే. అమ్మాలంటే మాత్రం ఆమె సంతకం కావాలి. 1833 చట్టం ప్రకారం భర్త లేకుండా ఆమెను విడిగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నావా అని అధికారి అడిగి నమోదు చేయాలి. మీ కథ ఆగింది అక్కడే. బిడ్డ ప్రాణంతో పుట్టి ఉంటే, ఆమె పోయాక కూడా ఆ భూమి ఆదాయం భర్తకు జీవితాంతం దక్కుతుంది.

ఇంకొకటి చూసుకోండి. పెళ్లికి ముందు ఆమె వీలునామా రాసి ఉంటే పెళ్లితో అది రద్దవుతుంది (1837 చట్టం).

గోదారిగట్టు:
స్త్రీధనం అని మాత్రం రాయకండి, అర్థం తలకిందులవుతుంది. స్త్రీధనం భార్యదే. కరువు, ధర్మకార్యం, జబ్బు, నిర్బంధం, ఈ నాలుగు సందర్భాల్లో వాడుకుంటే తప్ప భర్త తిరిగి ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి. ఇంగ్లీషు కామన్ లాలో అసలు తిరిగి అడగడానికి భార్య విడి వ్యక్తే కాదు. భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒక్కరే, ఆ ఒక్కరూ భర్తే. "కవర్చర్" అన్న ఆ స్థితికి మనకు చక్కని మాట ఉంది: భర్తచాటు. అదే వాడండి.

డబ్బున్న తండ్రులు దీన్ని తప్పించుకునే దారి వెతికారు. పెళ్లికి ముందే ఆస్తిని ధర్మకర్తల చేతిలో పెట్టి "ఆమె ప్రత్యేక వినియోగానికి" అని దస్తావేజు రాయించేవారు. దాన్ని చాన్సరీ కోర్టు (కామన్ లా కాకుండా ధర్మం, ట్రస్టుల లెక్కన తీర్పు చెప్పే వేరే కోర్టు) కాపాడేది. దీన్ని "ప్రత్యేకాస్తి" అనవచ్చు. భర్త బుజ్జగించో బెదిరించో రాయించుకుంటాడన్న భయంతో, ఆమె కూడా దాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రాబోయే రాబడిని ముందుగా తీసుకోకూడదు అని ఇంకో షరతు పెట్టేవారు. రక్షణ కోసం పెట్టిన ఆ షరతు ఆమె చేతులూ కట్టేసింది. 1949 దాకా పూర్తిగా పోలేదు. మీ నాయికకు ఇలాంటి దస్తావేజు ఉందో లేదో మొదటి అధ్యాయాల్లో తప్పక వెతకండి.

నీలిసిరా:
దస్తావేజు లేదండీ. 1872లో ఆమె పియానో పాఠాలు చెప్పి సంపాదిస్తుంది. తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని వెళ్లిపోవాలనుకుంటుంది. 1870 నాటి ఇంగ్లీషు వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆదుకోదా?

పాతదస్తావేజు:
కొడుకు వయసు ఒకసారి సరిచూడండి, 1865 పెళ్లికి పుట్టిన బిడ్డకు 1872లో మహా అయితే ఆరేడేళ్లు. ఇది చాలా ముఖ్యం. 1839 చట్టం కింద ఏడేళ్లలోపు పిల్లలనే తన దగ్గర ఉంచుకుంటానని తల్లి చాన్సరీని అడగగలదు, అదీ వ్యభిచారం రుజువు కాకపోతేనే. తొమ్మిదేళ్లయితే 1873 వరకు ఆగాలి, ఆ ఏడాది చట్టం వయసును పదహారుకు పెంచింది.

పాఠాల సంపాదన మాత్రం ఆమెదే. 1870 చట్టం వచ్చాక భార్య విడిగా చేసే పనిలో వచ్చే జీతం, పెళ్లి ఎప్పుడు జరిగినా, ఆమెకే చెందుతుంది. పోయిన వెయ్యి పౌండ్లు రావు. తర్వాత వచ్చిన 1882 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కూడా 1883 జనవరి 1కి ముందు పెళ్లయినవారికి ఆ తేదీ తర్వాత సంక్రమించే ఆస్తినే ఇచ్చింది.

విడాకులంటే, 1857 చట్టంలో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య అయితే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, అలాంటి మరో నేరమో చూపాలి. ఈ తేడా 1923లో పోయింది.

గోదారిగట్టు:
మన దేశంలో ఇన్సూరెన్సు ఏజెంట్లు ఈనాటికీ చెప్పే ఎం.డబ్ల్యూ.పి. (మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ) పాలసీ ఈ వరసలోదే. 1874 నాటి భారత వివాహిత స్త్రీల ఆస్తి చట్టం సెక్షన్ 6 ప్రకారం, భర్త తన ప్రాణం మీద తీసుకున్న పాలసీలో భార్యాపిల్లల కోసమని పాలసీ మీదే రాస్తే అది ట్రస్టు అవుతుంది, భర్త అప్పులవాళ్లు మామూలుగా దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి. నామినీ పేరు రాస్తే సరిపోదు.