ఫ్రెడరిక్ చర్చ్ బొమ్మలు: ఒక్క రోజులో ఏం చూడొచ్చు?

కృష్ణాతీరం: వచ్చే నెల న్యూయార్క్‌లో ఒక్క రోజు ఖాళీ దొరుకుతుంది. మెట్ మ్యూజియంలో 19వ శతాబ్దపు అమెరికా చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ వేసిన దక్షిణ అమెరికా కొండల బొమ్మ ‘హార్ట్ ఆఫ్ ది ఆండీస్’ చూసుకుని, ఆయన ఇల్లు ఓలానాకి కూడా వెళ్లి రాగలమా? చంటిపాప ఉంది.

డాలస్_బాబాయ్: న్యూయార్కే ఎందుకండీ, మా ఊరు రండి. ఆయనదే 1861 నాటి బొమ్మ ‘ఐస్‌బర్గ్స్’ డాలస్ మ్యూజియంలోనే ఉంది. ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయి, 1979లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మగపిల్లల హోమ్‌లో గోడకి వేలాడుతూ బయటపడింది. వేలంలో 25 లక్షల డాలర్లు! బొమ్మలో ముందున్న విరిగిన ఓడ తెరచాప కొయ్య మొదట్లో లేదు తెలుసా, అమెరికాలో కొనేవాళ్లు దొరక్కపోతే లండన్ తీసుకెళ్లే ముందు వేశాడు.

కుంచె: అదే కదా ఆయన వ్యాపారం. 1859లో ‘ఆండీస్’ని చీకటి గదిలో తెరల మధ్య పెట్టి మనిషికి 25 సెంట్లు టికెట్. 12 వేల మందికి పైనే ఎగబడ్డారు, తర్వాత 10,000 డాలర్లకు అమ్మాడు. తీరా చూస్తే అలాంటి లోయ ఈక్వడార్‌లో ఎక్కడా లేదు. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అతుకులు.

రంగులపిచ్చి: టికెట్ పెడితే తప్పేంటి, మన సురభి నాటకాలు ఊరికే చూశామా? 1853లో, 1857లో రెండుసార్లు దక్షిణ అమెరికా వెళ్లి స్కెచ్చులు వేసుకొచ్చాడు మహానుభావుడు. బొమ్మలో ఆ మంచుకొండ ఈక్వడార్‌లోని చింబొరాజో. కింద వేడి అడవి నుంచి పైన మంచుదాకా ఒకే బొమ్మలో చూపించాలన్నది జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ పుస్తకాలు చదివి పుట్టిన ఆలోచన, అతుకులు కాదు. నేను ఆయిల్స్ నేర్పుతాను, ముందు ఆ ఆకుల్లో ఒక్కటి గీసి చూపించండి, తర్వాత మాట్లాడదాం.

కుంచె: మీ క్లాసులో చేరడానికి రాలేదు సార్. లేని చోటుని ఉన్నట్టు చూపించాడంటున్నా, అంతే.

హడ్సన్_పక్కన: ఇద్దరూ కాస్త ఆగండి. పాపతో ఒకే రోజు రెండూ అంటే టెన్షనే. ఓలానా ఉన్నది హడ్సన్ ఊరి దగ్గర; న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి హడ్సన్‌కి రైల్లో రెండు గంటలు, ఆపైన టాక్సీ. మెట్‌లో మాత్రం ‘ఆండీస్’ బొమ్మలో ఎడమవైపు కింద వెలుగు పడ్డ చెట్టు చూడండి, మాను బెరడు మీద కత్తితో చెక్కినట్టు ఆయన పేరు, సంవత్సరం ఉంటాయి.

సీతాఫలం: కుంచె గారూ, వ్యాపారం వ్యాపారం అంటున్నారు, 1865 మార్చిలో ఆయన పిల్లలిద్దరూ డిఫ్తీరియాతో పోయారు. తర్వాత కీళ్లవాతంతో కుడిచెయ్యి సహకరించకపోతే ఎడమచేత్తో గీశాడు. మా అమ్మకీ అదే జబ్బు, గరిటె పట్టుకోవడమే గగనమైపోతోంది.

డాలస్_బాబాయ్: అయ్యో. అమ్మగారికి ఏం మందులు వాడుతున్నారండీ? మా అత్తగారికి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయి.

కుంచె: ఇక మందుల చీటీలు మొదలు.

సీతాఫలం: మీకేం పోయింది? బాబాయ్ గారూ, మెసేజ్ పెడతాను చూడండి.