అమెరికా రుణ పరిమితి వివాదం: ఒక సందేహం

నమస్కారం. అమెరికా ప్రభుత్వ రుణ పరిమితిని పెంచే విషయంలో అక్కడి రెండు ప్రధాన పార్టీల మధ్య తరచూ తలెత్తే వివాదాన్ని చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరని మనవి.

1917 నాటి చట్టంతో మొదలైన ఈ పరిమితి కొత్త ఖర్చులకు అనుమతి ఇచ్చేది కాదని, కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఇదివరకే ఆమోదించిన ఖర్చులకూ పాత అప్పుల వడ్డీకీ కావలసిన సొమ్మును ఖజానా శాఖ అప్పుగా తెచ్చుకోవడానికి మాత్రమే సంబంధించినదని నాకు అర్థమైంది. అలాంటప్పుడు, ఖర్చుకు తల ఊపిన సభే చెల్లింపు వేళకు బేరానికి దిగడం (మన ఇళ్లలోనైతే దీన్ని ఏమనేవారో చెప్పనక్కరలేదు) ఎలా సమర్థనీయం? ఖర్చు అదుపుకు ఇదొక్కటే గట్టి పట్టు అన్న రిపబ్లికన్ల వాదనను పూర్తిగా కొట్టిపారేయలేను. 2011లో వ్యయానికి హద్దులు విధించిన చట్టం ఈ ఒత్తిడితోనే వచ్చింది. అయితే అదే ఏడాది ఆగస్టులో, అప్పు తీర్చే సామర్థ్యాన్ని అంచనా వేసే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా పరపతి రేటింగును తొలిసారి తగ్గించింది. 2023లో 31.4 లక్షల కోట్ల డాలర్ల వద్ద మళ్లీ అదే ప్రతిష్టంభన ఏర్పడగా, అప్పటి అధ్యక్షుడు బైడెన్, ప్రతినిధుల సభ రిపబ్లికన్ స్పీకర్ మెకార్తీల రాజీతో పరిమితిని 2025 జనవరి 1 వరకు నిలిపివేశారు.

నా అసలు ప్రశ్న ఇది. చట్టబద్ధమైన ప్రభుత్వ రుణం చెల్లుబాటును ప్రశ్నించరాదని అమెరికా రాజ్యాంగ 14వ సవరణలోని 4వ సెక్షన్ చెబుతున్నప్పుడు, దాని ఆధారంగా ఈ పరిమితిని పక్కన పెట్టడానికి అధ్యక్షులు వెనుకాడింది న్యాయస్థానాల తీర్పుకు జంకియా, లేక అలా పరిమితి దాటి జారీ చేసే బాండ్లను (ప్రభుత్వ రుణపత్రాలను) కొనేవారు అనుమానిస్తారనా? మన రాజ్యాంగ 292వ అధికరణ కూడా కేంద్రం అప్పులకు పరిమితి విధించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది కనుక, రెండు వ్యవస్థలనూ పోల్చి చెప్పగలిగితే మరింత మేలు.