సమస్యాపూరణం: తోక ముందు నడచెఁ దుదను శిరము

నిర్వాహకుడు, నెల్లూరు (2024 సెప్టెంబరు 20)

సమస్య ఆటవెలది నాలుగవ పాదం. సెప్టెంబరు 27న సూర్యునికి సుమారు 5.8 కోట్ల కిలోమీటర్ల దూరానికి, అంటే దాదాపు బుధుని కక్ష్య దాకా, వెళ్ళనున్న షుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క బతికి బయటపడుతుందా అని మనలో రోజూ వాదన సాగుతున్నది కనుక పూరణలు ఆ విషయం మీదనే ఉండాలి. రైలుకు వెనుక ఇంజను తగిలించే పూరణలను, రైల్వే ఊరైన బిట్రగుంట వారు పంపినా సరే, స్వీకరించము.

కావలి సభ్యుడు (సెప్టెంబరు 21)

పూరణకు ముందు ఒక సందేహం. ఇది విచ్ఛిన్నం కాక తప్పదని ఖగోళ శాస్త్రజ్ఞుడు సెకానినా జూలైలోనే రాశారు. ఐసాన్ తోకచుక్క కూడా 2013 నవంబరు 28న సూర్యుని ఉపరితలానికి సుమారు 12 లక్షల కిలోమీటర్ల ఎత్తున పోతూ చెదిరిపోయింది. ఇదీ అంతే. తోకే మిగలకపోతే ముందు నడిచేది ఏమిటి?

నిర్వాహకుడు

ఐసాన్‌తో పోలిక కుదరదు మాస్టారూ, సూర్యుని కేంద్రం నుంచి కొలిస్తే ఇది దానికన్నా 30 రెట్లకు పైగా దూరంలో ఉంటుంది. 2011 డిసెంబరులో లవ్‌జాయ్ తోకచుక్క ఉపరితలానికి 1.4 లక్షల కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోయి కూడా అవతల తేలింది.

ఒంగోలు సభ్యురాలు (సెప్టెంబరు 29)

సూర్యుఁ జుట్టి మరలు చుక్కపై రవికాంతి
ధూళి నెట్టి పరపెఁ దొలుత దవ్వు;
వచ్చునపుడు వెనుక వాలముండెను గాని
తోక ముందు నడచెఁ దుదను శిరము.

నిర్వాహకుడు

సమస్యలోని అసంబద్ధతను శాస్త్రమే విప్పుతుందని మొదట పట్టుకున్నది మీరేనమ్మా. తోక నడక దిక్కును బట్టి కాక సూర్యుణ్ణి బట్టి నిలుస్తుంది; కాంతి ఒత్తిడి ధూళిని, సౌరపవనం వాయువులను ఎప్పుడూ సూర్యునికి ఎడంగా తోస్తాయి కనుక, తిరుగు ప్రయాణంలో తోకచుక్క తన తోక వెనుకనే పోతుంది. రెండవ పాదంలో ‘దొలుత’ కేవలం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) కోసం వచ్చి కూర్చున్నది. ‘ధూళి నెట్టి పరపె దూరముగను’ అంటే యతి నిలుస్తుంది, పొల్లు మాట పోతుంది.

నెల్లూరు సభ్యుడు (అక్టోబరు 1)

ఈ వేకువన ఐదు గంటల ప్రాంతంలో మైపాడు ఒడ్డున బైనాక్యులర్‌తో చూస్తే, సముద్రం మీది మంచుతెర పైన మొదట తోకే, పలక మీద తుడిచిన సుద్ద మరకలా, నిట్టనిలువుగా కనిపించింది. తల పైకి వచ్చేసరికి తూర్పు తెల్లబడనే తెల్లబడింది.

కడలి యంచు విడిచి గగన మెక్కెడు వేళ
వేకువందుఁ గంటి వింత యొకటి;
భానుఁ జేరకుండ రజము తోడుగఁ గల్గి
తోక ముందు నడచెఁ దుదను శిరము.

నిర్వాహకుడు

కంటితో చూసి రాసిన పద్యమని తెలుస్తూనే ఉన్నది. సూర్యుడు క్షితిజం కింద ఉండగా తోక పైకే చూస్తుంది కనుక ఉదయించడంలోనూ దానిదే ముందు నడక, ఇది నాకు తోచని మార్గం. అయితే మూడవ పాదంలో ‘భా’కు ‘ర’తో యతి చెల్లదు, ప్రాసయతి (రెండవ అక్షరాల పోలిక) కూడా కుదరలేదు. ‘రవికి దూర మరుగు రజము తోడుగఁ గల్గి’ అని మార్చండి. దోషం పోవడమే కాక, ధూళి ఎటు పోతున్నదో కూడా తెలుస్తుంది.

కావలి సభ్యుడు (అక్టోబరు 13)

నిన్న భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో పోయిన తోకచుక్కను ఈ సాయంత్రం ఉదయగిరి కొండల వైపు చూశాను. నిక్షేపంగా ఉన్నది.

నిప్పు కడకు మంచు నిలుచునా యని యంటి
ముక్కలగు నటంచు ముందె తేల్చి;
నాదు వాదమందు నవ్వులపాలైతి
తోక ముందు నడచెఁ దుదను శిరము.

నిర్వాహకుడు

ముగింపు ముందు, ఆలోచన వెనుక! మూడు పూరణలలో సమస్యను వేరే అర్థానికి తిప్పినది ఇదొక్కటే. ‘నాదు’ ప్రయోగాన్ని పండితులు కొందరు ఒప్పుకోరు; ‘నాఁటి వాదమందు’ అంటే యతికీ గణానికీ భంగం లేదు.

కావలి సభ్యుడు

సవరణ సంతోషంగా స్వీకరిస్తున్నాను. ‘నాఁటి’ అన్నాక ఆ తప్పు నాది కాదు, ఆనాటిది అవుతుంది.